గడప దాటని కొలత

పురపాలక కార్యాలయం పన్నుల విభాగంలో ముప్పై మూడేళ్లు పనిచేసిన ఆ మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది. జీతం కాగితం మీద తప్ప దాని అవసరం ఎవరికీ పడలేదు. ఊరందరికీ ఆయన చక్రం గారు. పొడవాటి కర్రకు కింద ఒక చక్రం, అది దొర్లుతుంటే అడుగుకొకసారి టక్కుమనే చప్పుడు, పిడి దగ్గర అంకెలు తిరిగే చిన్న డబ్బా. వీధులు కొలిచే ఆ పనిముట్టును తోసుకుంటూ ఆయన రోజుకు ఎంత దూరం తిరిగేవాడో ఆ డబ్బాకే తెలియాలి. చప్పుడు వినగానే కిటికీలు తెరుచుకునేవి. "వచ్చాడమ్మా, ఇక మన గోడకు మూడింది" అని లోపల గొణుక్కున్నవాళ్లు కూడా ఎదురుపడితే లేచి నిలబడేవాళ్లు. ఎందుకంటే చక్రం గారి కొలతకు తిరుగులేదు. ఆ మాట ఆయన పుట్టించింది కాదు, ఊరే అనేది. కాకపోతే విన్నప్పుడల్లా ఆయన వెన్ను ఒక అంగుళం నిటారుగా అయ్యేది.

ఆయనకొక నియమం ఉంది. ఎవరి గడపా దాటడు. ఎండ నడినెత్తిన మాడుస్తున్నా ఎవరింట్లోనూ మంచినీళ్లు ముట్టడు. భుజాన వేలాడే సీసాలో నీళ్లు అయిపోతే వీధి కుళాయి వెతుక్కోవలసిందే. పని లేని రోజుల్లోనూ ఇదే వరస. "ఊళ్లో పన్ను కట్టనివాళ్లెవరు?" అనేవాడు. భార్య దీన్ని అంత తేలిగ్గా వదిలేది కాదు. "మా పుట్టింటికొచ్చినా గుమ్మంలో నిలబడి గోడలు చూస్తారండీ ఈయన. ఇల్లు జప్తు చేస్తారేమోనని మా అన్నయ్య ఆరేళ్లు హడలిపోయాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది.

ఆ నియమం ఊరికే పుట్టలేదు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో పన్ను గదులను బట్టి వేసేవారు. ఇంట్లోకి వెళ్లి గదులు లెక్కపెట్టాలి, కప్పు రేకో స్లాబో చూడాలి, నేల మీద సిమెంటో పాలిష్ బండలో రాసుకోవాలి. ఒక ఇంటాయన ఈ కుర్ర ఉద్యోగిని కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, టీ ఇచ్చి, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి ఎంతో ఆప్యాయంగా అడిగాడు. లంచం లేదు, సిఫారసు లేదు. బయటికి వచ్చేసరికి మాత్రం ఆరో గది "సామాన్ల కొట్టు" అయిపోయింది. మొహమాటం రాయించిన రాత అది. మర్నాడు పై అధికారి ఆ కాగితం అందరి ముందూ పైకి చదివి, "ఒక టీకి ఒక గది. భోజనం కూడా పెట్టుంటే ఇల్లే కనిపించేది కాదన్నమాట" అన్నాడు. గదంతా నవ్వింది. ఆ నవ్వు ఆయనకు ముప్పై మూడేళ్లు వినిపిస్తూనే ఉంది. ఆ తర్వాత గదులు లెక్కపెట్టడానికి జతగాడిని లోపలికి పంపి, తాను గుమ్మం బయట నిలబడి రాసుకునేవాడు.

ఇలాంటి మనిషికి ఊళ్లో చుట్టరికాలు తక్కువ. ఉన్న ఒక్కటీ కిటికీ చుట్టరికం. వాళ్ల వీధిలోనే, నాలుగిళ్ల అవతల, కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చునే ఒక పెద్దావిడ ఉండేది. చొక్కాలకు గుండీలు, పంట్లాములకు జిప్పులు, పిగిలిన జేబులు, ఇవే ఆవిడ బతుకుతెరువు. వీధి మొత్తం ఆవిణ్ణి గుండీల పిన్ని అనేది. చక్రం గారొక్కడే అక్కయ్యా అని పిలిచేవాడు. బట్ట కిటికీలోంచి లోపలికి, కుట్టాక కిటికీలోంచి బయటికి. ఎవరు బట్ట ఇచ్చినా ఆవిడ చీటీ చింపి, ఒక ముక్క బట్టకు గుచ్చి, రెండో ముక్క వాళ్ల చేతికిచ్చేది. చీటీ లేనిదే మంత్రిగారి చొక్కా అయినా వెనక్కి ఇవ్వదు. చక్రం గారికి మాత్రం చీటీ లేదు. "తమ్ముడికి చీటీ ఏంటి నా మొహం? ఇలా తే. మళ్లీ అదే గుండీ తెంపావా? ఆ చక్రం కర్ర పొట్టకు ఆనించకు అని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని ఆవిడ చివాట్లు పెడుతుంటే, ఊరంతా లేచి నిలబడే మనిషి చేతులు కట్టుకుని వినేవాడు. వారానికోసారి ఆ చివాట్లు తినకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ఆయన పదవీ విరమణకు ఏడాది ఉందనగా పన్ను పద్ధతి మారింది. ఇక గదులతో, కప్పులతో పని లేదు. నేల విలువను బట్టే పన్ను. నేల మీద మేడ ఉన్నా, రేకుల కొట్టం ఉన్నా, ఖాళీగా పిచ్చిమొక్కలు మొలిచి ఉన్నా ఒకటే లెక్క. చక్రం గారికి ఇది ప్రాణం లేచొచ్చినట్టనిపించింది. ఇన్నాళ్లూ కష్టపడి గది కట్టుకున్నవాడికి శిక్ష, ధర పెరిగేదాకా స్థలం పాడుబెట్టి కూర్చున్నవాడికి బహుమానం ఇచ్చామని ఆయనకు ఎప్పటి నుంచో కడుపుమంట. దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పేవాడు: "ఇల్లు మీ కష్టం, దాని జోలికి రాం. నేల విలువ ఉంది చూడండి, అది మీరు పెంచింది కాదు. రోడ్డు వేసింది ఊరు, బస్టాండు తెచ్చింది ఊరు. ఊరు పెంచిన దాంట్లో ఊరికి కాస్త ఇవ్వండి. ఇంతకన్నా న్యాయం ఎక్కడైనా ఉందా?"

భార్యకు ఇది ఒక పట్టాన మింగుడుపడలేదు. "బస్టాండు వచ్చి గుండీల పిన్ని నేల విలువ పెరిగిందనుకుందాం. ఆవిడ కుట్టే గుండీ విలువ పెరిగిందా? పన్ను కట్టేది నేలా, మనిషా?" అంది.

"ఆవిడది చిన్న ఇల్లే అయితే పన్నూ చిన్నదే వస్తుంది. కొలత సరిగ్గా ఉంటే ఎవరికీ అన్యాయం జరగదు" అన్నాడాయన. కొలత ఆయన చేతిలోదే కాబట్టి ఇక ఆ సంగతి తేలిపోయినట్టే మాట్లాడాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. నాలుగు వేల ఇళ్లు మూడు నెలల్లో కొలవాలి. ఒక్కో స్థలం వెడల్పు, లోతు రెండూ కొలవాలంటే నాలుగు వేల గడపలు దాటి పెరటి గోడ దాకా పోవాలి. సమావేశంలో అందరూ తల పట్టుకుని కూర్చున్నప్పుడు చక్రం గారు లేచి ఒక ఉపాయం చెప్పాడు. వీధి వైపు వెడల్పు చక్రంతో కొలుద్దాం. లోతు మాత్రం ఊరంతటికీ సగటున ఎనభై అడుగులని వేసుకుందాం. ఎవరింట్లోకీ వెళ్లనక్కర్లేదు, ఎవరి టీ తాగనక్కర్లేదు, ఎవరి మొహమాటానికీ లొంగనక్కర్లేదు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఆయన వైపు తిరిగి, "లోతుల్లో మరీ తేడాలుండవు కదా?" అని అడిగింది. "ఇన్నేళ్లు ఈ వీధులే కొలిచానమ్మా" అన్నాడు. అది ఆవిడ అడిగినదానికి జవాబు కాదు. ఆ గదిలో ఎవరికీ అలా తోచలేదు, ఆయనకూ తోచలేదు.

మూడు నెలలు ఆయన రాజులా తిరిగాడు. టక్, టక్, టక్. గుండీల పిన్ని ఇంటి ముందు చక్రం అరవై సార్లు చప్పుడు చేసింది. వీధిలోంచి చూస్తే ఆ ఇల్లు చిన్న బడి అంత పొడవు ఉంటుంది. "ఏంటి తమ్ముడూ, నా గోడకు రైలు పట్టాలు వేస్తావా?" అని ఆవిడ కిటికీలోంచి నవ్వింది. ఆయనా నవ్వి, పుస్తకంలో అరవై అని రాసుకుని ముందుకు సాగాడు. పక్కన పళ్ల డాక్టరు గారి గేటు పన్నెండు. నాలుగిళ్లు దాటాక తన సొంత ఇల్లు పదిహేను. సొంత ఇంటి ముందు ఎవరికీ మాట రాకూడదని రెండుసార్లు కొలిచాడు.

పన్ను కాగితాలు ఇంటింటికీ చేరిన రోజు సాయంత్రం భార్య ఎదురొచ్చింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ఏమండోయ్, మనకు సగానికి సగం తగ్గింది! మొదటిసారి మీ ఉద్యోగం వల్ల ఇంటికి ఒక లాభం" అంది. ఆయన కాగితం చేతిలోకి తీసుకుని ముసిముసిగా నవ్వుకున్నాడు. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి నడిచాడు. వాళ్ల ఇల్లు రైలు పెట్టె లాంటిది. ముందు గది, నడవ, పడక గది, వంటగది, ఆ వెనక బావి, జామచెట్టు, బట్టలారేసే తీగ. నడుస్తూనే ఉన్నాడు. తీగ దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. పెరటి గోడ ఇంకా దూరంగా ఉంది. వీధి గుమ్మం నుంచి ఆ గోడకు నూట నలభై అడుగులని ఆయనకు ఎప్పటి నుంచో తెలుసు. కాగితం మీద ఎనభై.

సరే, ఒక ఇల్లు అటూ ఇటూ అవుతుంది, సగటు అంటేనే అది, అని సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దిచెప్పుకోవడం మర్నాడు పొద్దున దాకా నిలిచింది. పొద్దున్నే పళ్ల డాక్టరు గారు వీధిలో ఆపి, చేయి పట్టుకుని ఊపేశాడు. ఊళ్లో సగం మంది పళ్లు పీకిన ఆ చేతికి పట్టు బాగా ఉంటుంది.

"మీరు దేవుడండీ! నా వెనక తోట మీకు తెలుసుగా, తొమ్మిది వేల చదరపు అడుగులకు తక్కువుండదు. మీ లెక్కలో వెయ్యి కూడా రాలేదు. గేటును చూసి వేశారటగా పన్ను?"

"తోటా? మీ గేటు పన్నెండు అడుగులే కదండీ" అన్నాడు చక్రం గారు.

"గేటు నుంచి సందులోకి వస్తే లోపలంతా నాదే. అందులో సగం గుండీల పిన్ని పెరడే. మీరు ఈ వీధికి రాకముందు సంగతి. వాళ్లాయన వైద్యానికి అమ్మేసింది, నేను కొన్నాను. పాపం, ఆయనా దక్కలేదు. ఇప్పుడు ఆవిడ కిటికీ నుంచి నా గోడకు పద్నాలుగు అడుగులుంటే గొప్ప. ఇల్లు కాదండీ అది, నడవా."

చక్రం గారు అక్కడే మనసులో లెక్క కట్టాడు. అరవై ఇంటూ ఎనభై, నాలుగు వేల ఎనిమిది వందలు. అరవై ఇంటూ పద్నాలుగు, ఎనిమిది వందల నలభై. మిషను తొక్కుకుని బతికే మనిషి నెత్తిన రావలసినదానికి దాదాపు ఆరింతల పన్ను వేశాడు. తోటలో రెండు రకాల గడ్డి పెంచే డాక్టరుకు వదిలేశాడు. తనకూ కొంత మిగుల్చుకున్నాడు. అదీ ఎవరింట్లోనూ మంచినీళ్లు ముట్టకుండా, నిష్ఠగా చేశాడు.

దిద్దుకునే దారి లేక కాదు. ఆఫీసులో సవరణ కాగితం అని ఒకటి ఉంటుంది. కొలిచినవాడే తన కొలత తప్పని రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు, తిరిగి కొలవక తప్పదు. ముప్పై మూడేళ్లలో చక్రం గారు ఆ కాగితం ఒక్కటీ వాడలేదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ సంగతి గర్వంగా చెప్పుకునేవాడు కూడా. ఇప్పుడు బీరువాలోంచి ఒకటి తీసుకుని, ఇంట్లో తలుపు వేసుకుని, పొందిగ్గా నింపాడు. నింపి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అభ్యంతరాల విచారణకు ఇంకా పది రోజులుంది. పది రోజులూ ఆ కాగితం జేబులోనే ఉంది. చొక్కా మారినప్పుడల్లా కాగితమూ మారింది.

ఎందుకివ్వలేదంటే, సొంత పన్ను పెరుగుతుందని కాదు. ఆ మాత్రం పన్ను ఆయన కళ్లు మూసుకుని కట్టగలడు. ఆ కాగితం ఇస్తే ఉపాయం చెప్పింది ఎవరు అన్న మాట వస్తుంది. నాలుగు వేల ఇళ్లు మళ్లీ కొలవాలి. ఆ పాత గది, ఆ పాత నవ్వు. చక్రం గారి కొలత తప్పట అని కిటికీల వెనక అనుకుంటారు. ఇంకో ఆరు నెలలు గడిస్తే పదవీ విరమణ, దండ, నాలుగు మంచి మాటలు. అక్కయ్య ఎలాగూ అభ్యంతరం పెడుతుంది, ఆఫీసరమ్మే తగ్గిస్తుంది, తాను నోరు విప్పకుండానే అంతా సర్దుకుంటుంది అని ఆశపడ్డాడు. ఆ పది రోజులూ ఆయన కిటికీ ఉన్న వీధి మానేసి, వెనక సందులోంచి తిరిగి ఆఫీసుకు పోయాడు. చొక్కాకు రెండు గుండీలు ఊడినా అలాగే తొడుక్కున్నాడు.

విచారణ రోజున గుండీల పిన్ని ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో వచ్చింది. అర్జీ రెండు చేతులతో పట్టుకుంది. చక్రం గారు ఆఫీసరమ్మ పక్కన కొలతల పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు.

"చెప్పండి, మీ అభ్యంతరం ఏంటి?" అంది ఆఫీసరమ్మ.

"ఏం లేదమ్మా, నాకు లెక్కలు రావు. పాత పన్నుకు ఇది ఎన్నో రెట్లుంది. ఏడాదంతా కుట్టినా అందనంత ఉంది. మిషన్లో ఎక్కడో తప్పు పడిందేమో, కాస్త చూడమని వచ్చా."

"మిషను కాదండీ. కొలిచింది ఈయనే."

"తమ్ముడు కొలిచాడు, అది నేనూ చూశా. కానీ లెక్క కట్టింది కంప్యూటరేమో అనుకున్నా." ఆవిడ చక్రం గారి వైపు తిరిగింది. మొహంలో అనుమానం లేదు, దిగులు మాత్రమే ఉంది. "నువ్వే చెప్పు తమ్ముడూ. కొలత సరిగ్గానే ఉందా?"

ఆఫీసరమ్మ కూడా ఆయన వైపు చూసింది. జేబులో కాగితం ఉంది. ఆయన చేయి జేబు దాకా వెళ్లి, ఊడిన గుండీ ఉన్న చోట ఆగింది. పుస్తకంలో అరవై అన్న అంకె స్పష్టంగా, అందంగా, కొట్టివేతలు లేకుండా ఉంది.

"ఉందక్కయ్యా. అరవై అడుగులు" అన్నాడు.

అబద్ధమా అంటే కాదు. వెడల్పు అరవై అడుగులే. అంత నీచమైన నిజం ఆయన నోటి నుంచి అంతకుముందెప్పుడూ రాలేదు.

"అయితే ఇంకేం లేదులే అమ్మా" అంది ఆవిడ ఆఫీసరమ్మతో. "ఎవరింట్లోనూ మంచినీళ్లు ముట్టని మనిషి. తమ్ముడు సరిగ్గా ఉందన్నాడంటే సరిగ్గానే ఉంటుంది. నా నేల విలువే అంతేమో, నేనే ఎరగను." అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి, వెళ్తూ వెళ్తూ ఆయన చొక్కా వైపు చూసి, "రెండు గుండీలు లేవు, అలా తిరుగుతావా? సాయంత్రం తెచ్చియ్యి" అంది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అక్కడే భూమి తెరుచుకుంటే బాగుండుననిపించింది. భూమి తెరుచుకోలేదు, తర్వాతి అర్జీదారుడు లోపలికి వచ్చాడు.

ఆ సాయంత్రం ఆయన చొక్కా తీసుకెళ్లలేదు. ఆ వారమూ తీసుకెళ్లలేదు. పదిహేను రోజుల తర్వాత ఆవిడే భార్యతో కబురు పెట్టింది, చక్రం తీసుకుని రమ్మని. తప్పించుకునే వీల్లేకపోయింది. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఇల్లు అమ్మేస్తున్నా తమ్ముడూ" అంది ఆవిడ, ఎవరిదో కోటుకు అస్తరు వేస్తూ. "పన్ను నా వల్ల కాదు. డాక్టరు గారు తీసుకుంటానన్నారు, గేటు పెద్దది చేసుకుంటారట. రాతకోతలకు కొలతలు కావాలి. బయటివాళ్లను పిలిస్తే నన్ను ముంచేస్తారు. నువ్వయితే నాకు దిగుల్లేదు."

"నువ్వెక్కడికి వెళ్తావక్కయ్యా?"

"మా చెల్లెలి కూతురింట్లో మేడ మీద ఒక గది ఉందిలే. కిటికీ లేదట. సూదిలో దారం ఎక్కించడం ఎలాగా అని ఆలోచిస్తున్నా." ఆ మాటకు ఆవిడే చిన్నగా నవ్వింది. "రా లోపలికి. అమ్మకానికి కొలిచేటప్పుడు నీ నియమం అడ్డు రాదుగా."

చక్రం గారు ఆ గడప దాటాడు. ఆ పాత టీ తర్వాత పరాయి గడప దాటడం అదే మొదటిసారి. చక్రం నేల మీద పెట్టి తోశాడు. టక్, టక్. మిషను దాటాడు. టక్, టక్. గోడకు ఆనించి వేసిన మడత మంచం పక్క నుంచి వెళ్లాడు, మోకాలు దానికి తగిలింది. పద్నాలుగోసారి చప్పుడవగానే చక్రం గోడకు కొట్టుకుని ఆగిపోయింది. ఆ గోడలో ఒకప్పుడు కిటికీ ఉండేది, ఇటుకలతో పూడ్చిన గుర్తు కనిపిస్తోంది. గోడ అవతల డాక్టరు గారి తోటలో నీళ్లు చిమ్ముతున్న చప్పుడు వినిపిస్తోంది. డబ్బా మీద పద్నాలుగు. ఆయన గోడ వైపే మొహం పెట్టి నిలబడిపోయాడు.

"ఏంటి, అయిపోయిందా? ఇంతేనా?" అంది ఆవిడ వెనక నుంచి. "నిలువునా వేస్తే నడవడానికి దారుండదని మంచం అడ్డంగా వేసుకున్నా. ఇదుగో, మంచినీళ్లు తాగు. ఇవాళ నువ్వు ఆఫీసు పని మీద రాలేదుగా."

ఆయన గ్లాసు అందుకున్నాడు.

"అక్కయ్యా, నీ పన్ను తప్పు. లోతు కొలవలేదు. అందరికీ ఎనభై అని వేశాం. నీకు పద్నాలుగే. నీకు పడాల్సింది ఇందులో ఆరో వంతు."

ఆవిడ మిషను మీది చేయి తీసేసింది. లెక్క అర్థం కాగానే ఆ మొహం విప్పారింది. "అయ్యో, అదా సంగతి! అందుకేం బాధపడతావు? బయటి నుంచి కొలిచావు, లోపల ఇంతే ఉందని నీకేం తెలుసు? ఇప్పుడు తెలిసిందిగా, సరిచెయ్యి."

తలుపు తెరిచి పెట్టినట్టే పెట్టింది ఆవిడ. అవునక్కయ్యా, ఇప్పుడే తెలిసింది అంటే చాలు. ఇల్లు నిలబడుతుంది, పేరు నిలబడుతుంది, చివాట్లు కూడా నిలబడతాయి. ఆ మాట ఆయన నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకో ఆ పూడ్చిన కిటికీ వైపు చూశాక అది బయటికి రాలేదు.

"తెలుసక్కయ్యా" అన్నాడు. "విచారణ రోజుకే తెలుసు. నువ్వు నన్నడిగినప్పుడు సవరణ కాగితం నా జేబులోనే ఉంది. నా పేరు పోతుందని తియ్యలేదు."

కాలు తగిలి కుట్టుమిషను చక్రం కొద్దిగా కదిలింది. ఆవిడ అరచేత్తో దాన్ని ఆపింది. తిట్టలేదు, ఏడవలేదు. ఆయన తిట్టమని మనసులో వేడుకుంటూనే ఉన్నాడు.

"నేను అందరి ముందూ మిమ్మల్నే అడిగాను కదండీ" అంది చివరికి, మెల్లగా. అంతే. కోటు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఆయన నీళ్లు తాగకుండానే గ్లాసు మిషను పక్కన పెట్టి, చక్రం ఎత్తి పట్టుకుని బయటికి నడిచాడు. ఆ ఇంట్లో దాన్ని చప్పుడు చేయించడానికి మనసొప్పలేదు.

అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లి జేబులో నలిగిపోయిన కాగితం ఆఫీసరమ్మ బల్ల మీద పెట్టాడు. విచారణ రోజున తాను ఏం చెప్పిందీ, ఏం చెప్పనిదీ కూడా అందులో చేర్చబోయాడు. ఆఫీసరమ్మ ఆపింది. "కొలత తప్పని రాయండి, చాలు. మిగతాది ఆఫీసుకు అనవసరం" అంది. ఆయన ఆ సలహా విన్నాడు. దానికీ ఆ తర్వాత సిగ్గుపడ్డాడు.

నాలుగు వేల ఇళ్లు మళ్లీ కొలిచారు. ఈసారి చక్రం గారు ప్రతి గడపా దాటాడు, ప్రతి పెరటి గోడనూ చక్రంతో తాకాడు. డాక్టరు గారు ఆఫీసుకు వచ్చి గొంతు చించుకుని వెళ్లాడు. భార్య కొత్త పన్ను కాగితం చూసి, "మీ ఉద్యోగం వల్ల లాభం ఐదు నెలలు ఉంది, అదే చాలు" అని నిట్టూర్చింది. గుండీల పిన్ని పన్ను ఆరో వంతుకు దిగింది. ఇల్లు అమ్మలేదు. బస్టాండు పుణ్యమా అని ఆ పన్ను పాతదాని కంటే ఇప్పటికీ కొంచెం ఎక్కువే. నేల పన్ను న్యాయమేనా అని ఎవరైనా అడిగితే మునుపటిలా ఆపి చెప్పడం ఆయన మానేశాడు. "కొలిచేవాణ్ణి బట్టి ఉంటుంది" అని ఊరుకునేవాడు.

ఊరు మాత్రం ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. పదవీ విరమణ సభలో ఆఫీసరమ్మ లేచి, "తన తప్పు తానే పట్టుకుని, తన పన్ను తానే పెంచుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు" అంది. చప్పట్లు ఆగకుండా మోగాయి. చక్రం గారు తల దించుకుని దండలోని పూలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. అందరూ అది వినయం అనుకున్నారు. అసలు సంగతి తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కతే. ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఎవరైనా ఆయన్ని పొగిడితే సూది వైపే చూస్తూ కుట్టుకునేదని భార్య ఒకసారి యథాలాపంగా చెప్పింది.

సభ అయిన వారానికి ఆయన పేరుకుపోయిన చొక్కాలన్నీ సంచిలో వేసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. దారి పొడుగునా చివాట్లు వినపడుతున్నట్టే ఉంది. ఇన్ని గుండీలు ఒక్కసారే తెంపావా, కర్ర పొట్టకు ఆనించకు అని చెప్పానా లేదా. ఈసారి ఏమన్నా పడతాను అనుకున్నాడు.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని చొక్కాలు ఒక్కొక్కటీ విప్పి చూసింది. "ఐదు చొక్కాలు, ఎనిమిది గుండీలు" అంది. గొంతులో కోపం లేదు, మర్యాద ఉంది. "గురువారానికి అవుతాయండీ."

బల్ల మీది చీటీల పుస్తకం దగ్గరికి లాక్కుంది. ఒక చీటీ మీద నెమ్మదిగా, పెద్ద పెద్ద అక్షరాలతో చక్రం గారు అని రాసింది. మధ్యకు చింపి, ఒక ముక్క పై చొక్కాకు గుండుసూదితో గుచ్చింది. రెండో ముక్క కిటికీలోంచి చాచింది.

"ఇది పోగొట్టుకోకండి. చీటీ లేకపోతే ఇవ్వను."

ఆయన చీటీ తీసుకున్నాడు. వెనక ఇంకెవరో బట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కకు జరిగి, చీటీని చొక్కా జేబులో పెట్టుకుని, ఇంటి వైపు నడిచాడు.